నిండుకున్న నీళ్ళు

సుప్రజ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజే నన్ను చిక్కులో పెట్టింది. ఇంటి యజమాని పేరు చెప్పమంది.

"పేరంటే... కొండమీద స్వామి పేరేనమ్మా" అన్నాను.

"ఏ కొండ ఆంటీ?"

"మన కోటప్పకొండ."

ఆ పిల్ల ఫోనులో ఏదో కొట్టి "కోటప్పనా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. "కోటయ్యా? కోటేశ్వర్లా?" అంది. నేను ఊపుతూనే ఉన్నాను. ఎదురింటి అరుగు మీద బీడీ కాలుస్తున్న అంతోని ఇదంతా చూసి ఇక ఉండబట్టలేకపోయాడు.

"త్రికోటేశ్వరరావు అని కొట్టు తల్లీ! పొద్దుగూకేదాకా అడిగినా మా వదిన నోట్లోంచి ఆ పేరు రాదు!"

అందరం నవ్వాం. సుప్రజ కూడా నవ్వింది గానీ నవ్వి ఊరుకోలేదు. "పేరు పలికితే ఏమవుతుంది ఆంటీ?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఏమైద్దో ఎవరూ పలికి చూడలేదమ్మా" అన్నాను.

మాది మాచర్ల అవతల, నాపరాయి క్వారీల పక్కనున్న పల్లె. మా వీధి ఊరికి ఎగువన ఉంటుంది. అన్నీ క్వారీలో బండలు తీసే వాళ్ళ ఇళ్ళే. సాగర్ కాలవ దిగువ పొలాలను తడిపి వెళ్ళిపోతుంది, మా మెరక వైపు తిరిగి చూడదు. పంచాయతీ కుళాయి నీళ్ళు కింది వీధుల దాకా వచ్చి అక్కడే ఆయాసపడి ఆగిపోతాయి. ఎండాకాలం మాకు ట్యాంకరే దిక్కు. అది ఎప్పుడు వస్తుందో, ఎందుకు రాదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ సంగతి మీదే సుప్రజ చదువు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ చదువు పేరేమిటో చెప్పించుకున్నాను గానీ, సుస్థిరాభివృద్ధి అనే దగ్గర నా నాలుక మడతపడింది.

"అంటే ఏందమ్మా?"

"ఉన్నదాన్ని ఇవాళ్టి వాళ్ళూ వాడుకోవాలి, రేపటి వాళ్ళకీ మిగలాలి ఆంటీ. దానికి ముందు ఎక్కడ ఎంత ఉందో తెలియాలి కదా. మీ వీధిలో నీళ్ళు తక్కువయ్యాయని ఆఫీసుకి తెలిసేసరికి ఎన్ని రోజులు పడుతోంది?"

"తెలిసేసరికి వానలే పడతయ్" అన్నాడు అంతోని.

"అందుకే మీరే రోజూ చెప్తారు. పొద్దున్నే మీ ఫోనుకి కాల్ వస్తుంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొడవ లేదు. మీ మాటల్లో మీరు చెప్పండి. కంప్యూటర్ విని అర్థం చేసుకుంటుంది. మ్యాపు మీద మీ ఇంటి దగ్గర ఒక చుక్క పడుతుంది. నీళ్ళుంటే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, లేకపోతే ఎరుపు. ఈ ఎండాకాలం ఆ చుక్కల్ని చూసే ట్యాంకర్లు పంపిస్తామని మండలాఫీసు ఒప్పుకుంది."

గడపలో కూర్చుని వింటున్న మా అత్త ఎల్లమ్మ అప్పుడు నోరు విప్పింది. "తెలుగు అర్థమైద్దా దానికి?"

"వేలమంది తెలుగువాళ్ళ మాటలు వినిపించి నేర్పించాం మామ్మా."

"నా మాట నా కొడుక్కే అర్థంగాదు. చూద్దాం, ఇదేం నేర్చిందో!"

మర్నాటి నుంచే ఫోను రావడం మొదలైంది. నేను దేవుడి ముందు దీపం పెట్టి లేచే వేళకు సరిగ్గా మోగేది. చక్కటి ఆడపిల్ల గొంతు. "నమస్కారం. ఈ రోజు మీ ఇంట్లో నీళ్ళు ఎలా ఉన్నాయి? మీ మాటల్లో చెప్పండి." ఎవరూ అడగని కుశలం ఎవరో పనిగట్టుకుని అడుగుతున్నట్టుండేది. "ఉన్నయ్యమ్మా, నిన్ననే ట్యాంకర్ వచ్చింది" అనేదాన్ని. "ధన్యవాదాలు" అనేది.

"పొద్దున్నే అందరికీ ఫోన్లు చేత్తంది, ఆ పిల్ల ఏమన్నా తిన్నదేమో అడగవే" అంది ఒకరోజు మా అత్త.

"అది మిషనత్తా."

"గొంతు ఆడపిల్లదేగా, అడుగు."

అడిగాను. "క్షమించండి, అర్థం కాలేదు" అంది ఆ గొంతు.

"తిని ఉండదు, పాపం" అంది మా అత్త.

ఆ ఏడే మా అమ్మాయి జ్యోతిర్మయి తొలికానుపుకు వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లినీ పిల్లనీ ఇంటికి తెచ్చేసరికి ఎండలు ముదిరాయి. బండలన్నీ పెనాల్లా కాలుతున్నాయి. సరిగ్గా అప్పుడే ట్యాంకర్ రావడం మానేసింది.

డ్రమ్ము అడుగు కనిపించిన పొద్దున, ఫోను రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నీళ్ళు నిండుకున్నయ్యమ్మా. ఇంట్లో బాలింత ఉంది. తొందరగా పంపించండి."

"ధన్యవాదాలు" అంది.

ఆ రోజు రాలేదు. మర్నాడూ చెప్పాను, రాలేదు. మా వీధి ఆడవాళ్ళందరం చెబుతూనే ఉన్నాం. ట్యాంకర్ మాత్రం కింద రోడ్డు మీద నీళ్ళు కారుకుంటూ, మా మలుపు దగ్గర వేగం కూడా తగ్గించకుండా పోయేది. ఒకరోజు మా ఆయన సైకిలు అడ్డం పెట్టి ఆపితే, డ్రైవరు కిందికి దిగకుండానే "మీ వీధి నాకు రాసి లేదన్నా. మీకు నీళ్ళు ఉన్నయ్యంటగా" అన్నాడంట.

"ఎవుడన్నాడు?" అని మా ఆయన అడిగితే, "నాకేం తెలుసు? కంప్యూటరంట" అన్నాడంట.

క్వారీ గుంటలో నీళ్ళు తెచ్చుకున్నాం. సున్నం కలిపినట్టు తెల్లగా ఉంటాయి. బట్టలకైతే సరే, పసిగుడ్డుకు పోస్తే ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. మా ఆయన క్వారీ దిగి వచ్చి, కింది వీధి కుళాయి దగ్గర మాటలు పడి, రెండు క్యాన్లు సైకిలుకు తగిలించుకుని తెచ్చేవాడు. అవి బాలింత తాగడానికీ వంటకూ చాలీచాలనట్టు ఉండేవి. శుక్రవారం పురిటి స్నానం. ఇల్లంతా కడగాలి, తల్లికీ పిల్లకీ తలారా పోయాలి. దానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

అంతోని మాత్రం రోజూ ఫోను చెవిలో పెట్టుకుని వీధి అదిరేలా అరిచేవాడు. "లెవ్వు! చుక్క లెవ్వు! మాడి చత్తన్నాం! ఇంటన్నావా?"

మా అత్త చెవులు మూసుకునేది. "ఒరేయ్ అంతోనీ! ఎదురుగా పురిటిల్లు పెట్టుకుని ఏందిరా ఆ పాడు మాటలు?"

"మీ మనవరాలి కోసమే అరుత్తన్నా పిన్నీ!"

వాళ్ళావిడ కూడా మాలాగే మాట చూసి మాట్లాడుతుంది. అంతోనికే ఆ పట్టింపు లేదు. ఫోను ఉన్నది అతని దగ్గరే.

బుధవారం మధ్యాహ్నం సుప్రజ వచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. వస్తూనే అంతోని ఇల్లు చూపించమంది.

"ఆయన ఒక్కడే అబద్ధం చెప్తున్నాడని ఆఫీసులో అంటున్నారు ఆంటీ. ఆ నంబరు తీసెయ్యమన్నారు. చూసి తీసేద్దామని వచ్చాను."

"అంతోని అబద్ధమాడాడా? ఏమన్నాడు?"

ఆమె ఫోను తెరిచి చూపించింది. మా వీధి పైనుంచి పక్షి చూసినట్టు కనిపిస్తోంది. మా రేకుల కప్పు, పక్కింటి కోటేశ్వరమ్మ వాళ్ళ పందిరి, అన్నీ గుర్తుపట్టాను. ఇంటింటి మీదా ఆకుపచ్చ చుక్క. ముత్యాల్లా వరసగా ఉన్నాయి. ఆ వరసలో అంతోని ఇంటి మీద ఒక్కటే ఎర్రగా ఉంది.

ఆకుపచ్చ అంటే నీళ్ళున్నట్టు కదా. నేను ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళాను. డ్రమ్ము బోర్లించి ఉంది. బిందెలు ఎండకు కాలుతున్నాయి. సుప్రజ ఫోను వంక చూసింది, డ్రమ్ము వంక చూసింది.

"మరి మీరేం చెప్పారు ఆంటీ?"

"ఉన్నదే చెప్పానమ్మా. పొద్దున్నే దీపం పెట్టిన నోటితో అబద్ధమాడతానా?"

"రికార్డింగులు దాచుకోం. మీ మాటలు మాకెందుకని రంగు ఒక్కటే ఉంచుతాం" అంటూ అరుగు మీద కూర్చుని ఫోనులో ఏవేవో తిప్పి చూసింది. నాకేమో కింది వీధి వాళ్ళెవరైనా మా చుక్కల్ని మార్చేశారేమోనని అనుమానం. అదే అడిగాను. అలా ఎవరూ మార్చలేరంది. కానీ ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కూడా అనుమానమే ఉంది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. చివరికి నీరసంగా లేచి "వెళ్తాను ఆంటీ" అంది.

"వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. ఉండు, బొట్టు పెడతాను" అని భరిణె తీశాను. మూత తీసి చూసి "అత్తా, కుంకుమ నిండుకుంది. దేవుడి దగ్గరది ఇటియ్యి" అన్నాను.

సుప్రజ నవ్వింది. "అంత నిండుగా ఉంటే అందులోదే పెట్టొచ్చుగా ఆంటీ?"

నేను భరిణె వంచి చూపించాను. అడుగున మెరుస్తున్న రాగి తప్ప అందులో ఏమీ లేదు. ఆమె నవ్వు సగంలో ఆగింది.

"మళ్ళీ అనండి. కుంకుమ ఏమయింది?"

"నిండుకుంది."

"మరి నీళ్ళు?"

"నిండుకున్నయ్యని రోజూ చెప్తూనే ఉన్నాగా తల్లీ."

ఆమె అక్కడే చతికిలబడింది. "మా నాయనమ్మ కూడా ఇలాగే అనేది" అంది. "నేను హైదరాబాదులో పెరిగాను. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. మాటలు నేర్పిన వాళ్ళందరం నా ఈడు వాళ్ళమే ఆంటీ. 'నిండు' అని వినపడితే దానికి నిండుగా ఉన్నట్టే. మీ మాటల్లో చెప్పండని నేనే చెప్పానుగా! మీ మాటే మీరు చెప్పారు."

ఆలోచిస్తే నాకూ వింతగానే ఉంది. మా ఇంట్లో 'లేవు' అనే మాట లేదు. బియ్యం, ఉప్పు, నూనె, ఏదైనా నిండుకోవాలి గానీ అయిపోకూడదు. లేవంటే ఆ మాట విని లక్ష్మి గడప దాటిపోతుందని మా అమ్మ చెప్పింది. మాట మార్చి చెబితే లక్ష్మికి నిజం తెలియదా? తెలియదనుకునే చెబుతున్నామా? ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఈ ప్రశ్న నాకు రాలేదు. ఒక మిషను మోసపోతే గానీ రాలేదు.

సుప్రజకు విసుగంతా పోయింది. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇంకా ఏమేం ఇలా అంటారు?"

"దీపం ఆరిపోయిందనం. కొండెక్కిందంటాం."

"ఇంకా?"

"తాళి తాడు తెగితే పెరిగిందంటాం."

"రాత్రిపూట పాము పేరెత్తం" అంది మా అత్త లోపలి నుంచి. "పురుగు ముట్టిందంటాం."

సుప్రజ తల పట్టుకుంది. "మా స్నేహితురాలు ఇలాంటి ఆరోగ్యం కాల్స్ మీద పరిశోధన చేస్తోంది మామ్మా. పాము కరిస్తే మీరు పురుగంటే, ఆ కంప్యూటర్ చీమల మందు రాసిస్తుంది!"

మా అత్త నవ్వింది. పురుడు వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సుప్రజ ఆఫీసుకు ఫోను చేసింది. అవతల ఆయన ససేమిరా అన్నాడు. నోటిమాట మీద పంపిస్తే ఊరూరా ఇదే అడుగుతారు, మ్యాపులో ఎర్రగా పడితేనే ట్యాంకర్ అన్నాడు. వారమంతా ట్యాంకర్ ఏ దారిన పోవాలో రేపు పొద్దుటి చుక్కలు చూసే రాస్తారంట.

"నిండుకుంది అంటే ఏమిటో దానికి నేర్పడానికి టైం పడుతుంది. రేపు ఒక్క పూట 'లేవు' అని చెప్పండి ఆంటీ. వీధిలో అందరికీ చెప్పండి. ఒక్క మాట."

"పురిటింట్లోనా?" మా అత్త గడపలోకి వచ్చింది. "పసిగుడ్డు మొదటిసారి వినే మాటల్లో లేవు అనే మాట పడాలా? ఆ మాట ఇన్నాళ్ళు అనకుండానే నలుగురు పిల్లల్ని పెంచా. అయినా, కుండలో అడుగున చెంబెడు ఉంచుతాంగా ఎప్పుడూ. లేవంటే అబద్ధం గూడా."

"ఆ చెంబుతో శుక్రవారం ఇల్లు కడుగుతావా అమ్మా?" అన్నాడు అప్పుడే వచ్చిన మా ఆయన.

"నువ్వు మాట్టాడమాక. మగాడివి, నీకేం తెలుసు?"

సుప్రజ లేచింది. నా చెయ్యి పట్టుకుని "వెళ్ళొస్తాను ఆంటీ" అని జాగ్రత్తగా పలికి వెళ్ళింది.

తెల్లవారింది. దీపం పెట్టి లేచాను. ఫోను మోగింది. నేను అందుకునేలోపే మా అత్త తీసేసుకుంది.

"నమస్కారం. ఈ రోజు మీ ఇంట్లో నీళ్ళు ఎలా ఉన్నాయి?"

"తల్లీ, నేను ఎల్లమ్మని. కాసిన్ని నీళ్ళు పంపించు."

"క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"గంగమ్మ మా మీద అలిగింది తల్లీ."

"క్షమించండి, అర్థం కాలేదు."

"బాలింత ఉందే! నీకు అక్కచెల్లెళ్ళు లేరా? ఆడదానివి గాదా నువ్వు?"

"క్షమించండి."

మా అత్త మొహం చిన్నబోయింది. ఫోనును చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తెలియని పిల్లలా నా వంక చూసింది. నేను దాన్ని తీసుకుని గడప దాటాను. మెట్లు దిగి వీధి మధ్యకు వెళ్ళాను. ఇంటి వైపు వీపు పెట్టి నిలబడ్డాను.

"లేవు" అన్నాను. "మా ఇంట్లో నీళ్ళు లేవు."

"ధన్యవాదాలు" అంది ఆ గొంతు. రోజూ ఎలా అంటుందో అలాగే అంది.

ఏదో అవుతుందని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. కోటేశ్వరమ్మ వాళ్ళ పందిరి మీద కాకి అరిచింది. లోపల పసిపిల్ల కెవ్వుమంది, తర్వాత చప్పరించుకుంటూ ఊరుకుంది.

"నోరు కడుక్కుని లోపలికి రా" అంది మా అత్త వెనక నుంచి.

"ఏం పెట్టి కడుక్కోను అత్తా?"

ఎదురరుగు మీద అంతోని నవ్వబోయి, మా అత్తను చూసి బీడీ నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ద్వారబంధానికి చెయ్యి ఆన్చి నిలబడింది. నన్ను చూసింది, వీధిని చూసింది. తర్వాత తనూ మెట్లు దిగి వచ్చింది.

"ఏమే కోటేశ్వరమ్మా!" అని కేకేసింది. "నీ ఫోను మోగిందా?"

"ఇప్పుడే మోగుతంది పెద్దమ్మా!"

"బయటికి రా. ఇంట్లో చెప్పమాక. ఇట్టా వచ్చి, ఇంటికి వీపు పెట్టి, లేవని చెప్పు."

ఒక్కొక్కరే వచ్చారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పినవాళ్ళున్నారు. నవ్వాపుకోలేక మళ్ళీ చెప్పాల్సి వచ్చినవాళ్ళున్నారు. ఒకామె చెప్పేసి లెంపలేసుకుంది. మా అత్త మధ్యలో నిలబడి, ఎవరి గొంతైనా తగ్గితే "గట్టిగా చెప్పవే, దానికి చెవుడు" అంటోంది.

గురువారం సాయంత్రం ట్యాంకర్ మా మలుపు తిరిగింది. శుక్రవారం మా మనవరాలికి వేపాకు వేసి కాచిన నీళ్ళు తలారా పోశాం.

తర్వాతి వారం సుప్రజ చిన్న మైకు పట్టుకుని వచ్చి మా అందరి చేతా 'నిండింది', 'నిండుకుంది' అని మార్చి మార్చి పలికించుకుంది. కంప్యూటర్ ఇంకా పది మాటల్లో నాలుగైనా తప్పుతోందంట. "ఈ ఒక్క మాట మీదే ఒక అధ్యాయం రాస్తున్నాను ఆంటీ" అంది. రాసిన తర్వాత చదివి వినిపించమన్నాను. ఇంగ్లీషులో ఉంటుందంది. అయితే మళ్ళీ తెలుగులో చెప్పమన్నాను.

నా మనసులో మాత్రం ఒక సందేహం ఉండిపోయింది. ఒకనాటి సాయంత్రం దీపం పెట్టి స్వామి ముందు కూర్చున్నప్పుడు అది పైకే వచ్చేసింది.

"అత్తా, మనం ఆయనకీ అన్నీ మాట మార్చే చెప్పుకున్నాం గదా ఇన్నాళ్ళూ. ఆయన మ్యాపులో మనిల్లు ఆకుపచ్చగా ఉందేమో?"

మా అత్త జపం ఆపింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"ఆయన మిషను గాదులేవే. మనం అనకపోయినా ఇంటాడు" అంది.

నేను సరేనని చేతులు జోడించాను. ఆమె వాకిట్లోకి, అటు కొండల మీదికి చూసింది. ఎక్కడా ఒక్క మబ్బు లేదు. జరిగి నా పక్కకు వచ్చి కూర్చుని, స్వామికి వినపడకూడదన్నంత చిన్నగా అంది.

"అయినా, రోహిణి కార్తె దాటుతంది. వానల సంగతి ఒకసారి తిన్నగా చెప్పి చూడు."